హైవే ఇంజనీరింగా, సాఫ్ట్‌వేరా? – తాడిపత్రి అమ్మాయికి జవాబు

ప్రశ్న: సార్, మాది తాడిపత్రి. అనంతపురంలో సివిల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా నాన్న లారీ డ్రైవరు. నాపరాళ్లు, సిమెంటు లోడ్లు తోల్తాడు. చిన్నప్పుడు సెలవుల్లో ఆయనతో క్యాబిన్‌లో తిరిగినదాన్ని కాబట్టి నాకు రోడ్ల పనంటేనే ఇష్టం. మా మామ బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ‘ఇంక రోడ్లను కూడా కెమెరాలు, సెన్సార్లు, ఏఐ చూసుకుంటాయి పాపా, సివిలోళ్లకు ఏం మిగుల్తుంది, కోడింగ్ నేర్చుకో’ అంటాడు. హైదరాబాదులో ఒకచోట ‘స్మార్ట్ హైవేలు’ అని ఆరు నెలల కోర్సు ఉంది. ఫీజు 75 వేలు. చేరితే ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. సిలబస్ కాగితం దీంతో పంపుతున్నాను. నాన్న అప్పు చేసైనా కడతానంటున్నాడు గానీ సైటు ఉద్యోగం మాత్రం వద్దంటున్నాడు. ఈ రంగానికి భవిష్యత్తు ఉందా? కోర్సులో చేరాలా, వద్దా?

జవాబు: అమ్మాయ్, ముందు డబ్బు సంగతి తేల్చేస్తాను. ఆ 75 వేలు కట్టొద్దు. మీ నాన్నను అప్పు చెయ్యనివ్వొద్దు. నువ్వు పంపిన సిలబస్ చూశాను. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మొదటి పాఠాలు, కెమెరా బొమ్మలో లారీ ఏదో కారు ఏదో గుర్తుపట్టించే ప్రోగ్రాము ఒకటి, జీపీఎస్ మ్యాపులు, చివర సర్టిఫికెట్టు. ఇవేవీ చెడ్డవి కావు. కానీ ఎన్‌పీటీఈఎల్ అనే సర్కారు ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ మాస్టర్లు ఇవన్నీ ఉచితంగానే చెబుతున్నారు. పరీక్ష రాసి సర్టిఫికెట్టు కావాలనుకుంటేనే కొద్దిపాటి ఫీజు. ఆ ‘గ్యారంటీ’ అన్న మాట వాళ్లు నోటితో అన్నదే, కాగితం మీద ఎక్కడా లేదు, గమనించావా? ఇంకో సంగతి కూడా గమనించు. రోడ్ల మీద కోర్సు అంటూ అన్ని పేజీలు రాసిన ఆ కాగితంలో మట్టి అన్న మాట ఒక్కసారి లేదు. నాకు అక్కడే అనుమానం వచ్చింది.

మీ మామ మాటలో సగం నిజం ఉంది, కాదనను. నేను రోడ్లు భవనాల శాఖలో చేసిన రోజుల్లో కొత్తగా చేరిన ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) పనంటే టేపు పట్టుకోవడం, లెవెల్స్ తియ్యడం, ఎం బుక్కు అనే కొలతల పుస్తకంలో లెక్కలు ఎక్కించడం. ఇప్పుడు డ్రోను ఒక పూట ఎగిరితే కిలోమీటర్ల కొద్దీ రోడ్డు కింది మట్టికట్ట కొలతలు వచ్చేస్తాయి. జాతీయ రహదారుల సంస్థ తన పనులన్నిటి మీదా నెలనెలా డ్రోను వీడియో తియ్యాలని 2021లోనే చెప్పింది. పగుళ్లు, గుంతలు లెక్కపెట్టడానికి లేజర్లు, కెమెరాలు బిగించిన సర్వే బండి వచ్చింది. ట్రాఫిక్‌తో పాటు మామూలుగా పోతూనే గతుకు ఎంత, చక్రాల జాడలో పడ్డ గాడి లోతు ఎంత, పగులు ఎక్కడ అని రాసుకుపోతుంది. మేము లోడు లారీ వెనక చక్రాల మధ్య బెంకెల్‌మన్ బీమ్ (లోడుకు రోడ్డు ఎంత కుంగుతుందో కొలిచే కడ్డీ) దూర్చి, ముల్లు ఎంత కదిలిందో వంగి చూసి రాసుకున్నదాన్ని ఇప్పుడు ట్రెయిలర్ మీద వచ్చే యంత్రం ఒక బరువును జారవిడిచి నిమిషంలో తేలుస్తుంది. కాబట్టి కొలవడమే ఉద్యోగం అనుకుంటే ఆ ఉద్యోగం పోతోంది. పోనీ. ఎండలో టేపు పట్టుకోవడానికి నాలుగేళ్ల బీటెక్ దేనికి?

మీ మామకు తెలియని సగం ఏమిటంటే, రోడ్ల పనిలో డబ్బు నడిచే దారి మారింది. ఇదివరకు కాంట్రాక్టరు రోడ్డు వేసి, బిల్లు తీసుకుని, కొద్ది ఏళ్ల పూచీ అయిపోగానే చేతులు దులుపుకునేవాడు. 2016 నుంచి చాలా హైవే పనులు హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిలో ఇస్తున్నారు. ఖర్చులో 40 శాతం పని నడుస్తున్నప్పుడు సర్కారు ఇస్తుంది, మిగిలింది రోడ్డు పూర్తయ్యాక 15 ఏళ్ల పాటు వాయిదాల్లో ఇస్తుంది. ఆ 15 ఏళ్లూ రోడ్డును చూసుకోవలసింది కట్టిన కంపెనీయే. అనుకున్నదానికంటే ముందే పాడైతే పోయేది వాళ్ల చేతి డబ్బు. అందుకని ఇప్పుడు కంపెనీకి గుంత ఎక్కడ పడిందని చెప్పేవాడితో సరిపోదు, మూడేళ్ల తర్వాత ఎక్కడ పడబోతుందో, ఎందుకు పడబోతుందో చెప్పేవాళ్లు కావాలి. సర్వే బండి తెచ్చిన లెక్కలు అలమారాలు నిండా ఉన్నాయి. వాటిని చదివి ‘ఇదీ కారణం’ అని సంతకం పెట్టగలిగేవాళ్లు తక్కువ. నీకు ఖాళీ ఉన్నది అక్కడ.

ఇప్పుడు మన నేల దగ్గరికి వద్దాం. తాడిపత్రి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, కోవెలకుంట్ల, నంద్యాల, ఈ పట్టంతా నల్లరేగడి. ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు, వానాకాలంలో ఉబ్బు. రోడ్డు నడుమ తారు కప్పుకుని ఉంటుంది కాబట్టి కింద తేమ పెద్దగా మారదు. మారేదంతా అంచుల్లోనే. అందుకే రేగడి మీద వేసిన రోడ్లలో మొదటి పగులు అంచుకు రెండు మూడు అడుగుల లోపల, రోడ్డు పొడవునా గీత గీసినట్టు వస్తుంది. అదే చక్రాలు నడిచే జాడలో ముక్కలు ముక్కలుగా, మొసలి పగుళ్లని మేమనే రకం వస్తే దాని కారణం వేరు: లోడుకు పొర మందం చాల్లేదని. సర్వే బండి రెండింటినీ చక్కగా ఫొటో తీసి, పొడవూ వెడల్పూ రాసి ఇస్తుంది. మొదటిదానికి బెర్మ్ (తారు పక్కనుండే మట్టి అంచు) బాగుచేసి, పక్క కాలువ తీసి, నీళ్లు లోపలికి దూరకుండా చెయ్యాలి. రెండోదానికి మందం పెంచాలి, ఒక్కోసారి కింది పొరలు తవ్వి మళ్లీ వెయ్యాలి. తేడా తెలియక రెండింటి మీదా ఇంకో పొర తారు పరిస్తే, మొదటి పగులు రెండో వానాకాలానికి అదే గీత మీద పైకి తేలుతుంది. నేను చూసిన డబ్బు వృథాలో పెద్ద వాటా దీనిదే.

సెన్సార్లు ఎక్కడ మోసం చేస్తాయో ఒకటి చెప్తాను, ఇది ఏ స్మార్ట్ కోర్సులోనూ చెప్పరు. ఇప్పుడు తెలివైన రోలర్లు వచ్చాయి. లక్నో–కాన్పూర్ ఎక్స్‌ప్రెస్‌వే పనిలో కేంద్ర రహదారుల శాఖ వీటిని వాడి చూసింది. డ్రమ్ముకు కంపనాలు కొలిచే సెన్సారు, పైన జీపీఎస్. డ్రైవరు ముందున్న తెర మీద బాగా గట్టిపడిన చోటు పచ్చగా, పడని చోటు ఎర్రగా కనిపిస్తుంది. పాత పద్ధతిలో గుంత తవ్వి, ఇసుక పోసి, కొన్నిచోట్ల మాత్రమే సాంద్రత చూసేవాళ్లం. ఇది అడుగడుగునా చూస్తుంది. అది నిజంగా మంచి మార్పు. అయితే ఏప్రిల్‌లో ఎండిపోయిన రేగడిని రోలర్ కింద పెట్టి చూడు. గట్టిగా రాయిలా పలుకుతుంది, తెరంతా పచ్చగా ఉంటుంది. సెప్టెంబరులో తడిశాక అదే మట్టి ఉబ్బి, మెత్తబడి, పైన వేసిందంతా ఎత్తి పడేస్తుంది. రోలర్ అబద్ధం చెప్పలేదు, ఆ రోజు గట్టితనం ఎంతో అదే చెప్పింది. తడిస్తే ఏమవుతుందన్నది దాన్ని ఎవరూ అడగలేదు.

ఆ ప్రశ్న అడగడానికి యంత్రమే అక్కర్లేదు. మీ కాలేజీ ల్యాబులోనే చెయ్యొచ్చు. మీ ఊరి చేలో మట్టి తెచ్చి, ఓవెన్‌లో ఆరబెట్టి, 425 మైక్రాన్ జల్లెడ పట్టు. పదేసి గ్రాములు రెండు 100 మిల్లీలీటర్ల కొలజాడీల్లో వెయ్యి. ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటర్, రెండోదాంట్లో కిరసనాయిలు పోసి, బాగా కలిపి గాలి బుడగలు పోనిచ్చి, 24 గంటలు కదపకుండా పెట్టు. కిరసనాయిల్లో మట్టి ఉబ్బదు, అడుగున బుద్ధిగా కూర్చుంటుంది. నీళ్లలో మట్టి ఎంత పైకి వచ్చిందో గీతలు చూసి చదువు. రెండింటి తేడాను కిరసనాయిలు కొలతతో భాగించి నూటితో హెచ్చిస్తే ఉబ్బు శాతం. 50 దాటితే ఆ మట్టిని హైవే కట్టకు వాడకూడదని కేంద్ర రహదారుల శాఖ నిబంధన. మన రేగళ్లలో చాలావాటికి ఈ గీత దాటడం పెద్ద విషయమేం కాదు. అప్పుడు సున్నం కలపాలా, ఉబ్బని మట్టిని దూరం నుంచి తెచ్చి పొర వెయ్యాలా, కట్ట మొత్తానికి గరుసే తోలించాలా అని తేల్చాలి. ఒక్కోదానికి ఒక్కో ఖర్చు. మన ముద్దనూరు దగ్గరి థర్మల్ స్టేషన్ బూడిద కూడా ఈ లెక్కలోకి వస్తుంది. బొగ్గు థర్మల్ కేంద్రాలకు 300 కిలోమీటర్ల లోపు జరిగే రోడ్డు పనుల్లో బూడిద వాడాలని 2021 డిసెంబరు నోటిఫికేషన్ చెబుతోంది. సున్నంతో కలిస్తే రేగడిని లొంగదీస్తుంది, ఒట్టి బూడిదతో కట్ట వేస్తే మాత్రం పక్కలకు మట్టి కప్పకపోతే మొదటి వానకే కోసుకుపోతుంది.

రెండో విషయం లోడు. ఇందులో నాకంటే మీ నాన్నే పెద్ద ఇంజనీరు. రోడ్డు మందం లెక్క కట్టేటప్పుడు మనం బండ్లను లెక్కపెట్టం, యాక్సిళ్లను (చక్రాల ఇరుసులను) లెక్కపెడతాం. 8.16 టన్నుల యాక్సిల్ ఒకటి ఒకసారి పోతే ఒక దెబ్బ అని కొలమానం. అమెరికాలో ఇల్లినాయ్‌లో 1958 నుంచి 1960 దాకా సైనికుల చేత లారీలను రాత్రింబవళ్లు తిప్పించి చేసిన పరీక్షల్లో తేలింది ఏమిటంటే, బరువు పెరిగితే దెబ్బ దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. మన దగ్గర నాలుగు టైర్ల యాక్సిల్‌కు అనుమతి 10.2 టన్నులుండేది, 2018లో 11.5 చేశారు. పెరిగింది టన్నూ చిల్లరే గదా అనిపిస్తుంది. లెక్క వేసి చూడు: 10.2కు దెబ్బ సుమారు 2.4, 11.5కు సుమారు 3.9. అదే యాక్సిల్ మీద రాళ్లు కుక్కి 15 టన్నులు చేస్తే పదకొండు దాటుతుంది. చట్టం ప్రకారం పోయే లారీలు దాదాపు మూడు తిరిగినంత దెబ్బ ఒకే లారీ ఒకే ట్రిప్పులో కొట్టిపోతుందన్నమాట.

ఈ లోడు సర్వే ఇదివరకు ఎలా చేసేవాళ్లమో మీ నాన్నను అడిగి చూడు. రోడ్డు పక్కన కాటా ప్యాడ్లు పెట్టి ఒకటి రెండు రోజులు కూర్చునేవాళ్లం. మొదటి గంటలో నాలుగు లారీలు దొరికేవి. తర్వాత ఫోన్లు పోయేవి, ఓవర్‌లోడ్ బండ్లన్నీ దాబాల దగ్గర టీ తాగుతూ ఆగిపోయేవి. మేము ‘ఈ రోడ్డు మీద ఓవర్‌లోడ్ తక్కువే’ అని రాసుకుని వచ్చేవాళ్లం. ఆ లెక్కతో మందం వేసిన రోడ్డు ఎన్నాళ్లు ఆగుతుంది? ఇప్పుడు టోల్‌గేటు లేన్లలో కదులుతుండగానే తూచే సెన్సార్లు పెడుతున్నారు. 2021 ఫిబ్రవరి నుంచి అన్ని లేన్లూ ఫాస్టాగ్ లేన్లే కాబట్టి ఏ రకం బండి ఎప్పుడు పోయిందో తెలుస్తుంది. రెండూ కలిపి చూస్తే రోడ్డు నిజంగా ఏం మోస్తున్నదో మొదటిసారి మనకు తెలిసే వీలు వచ్చింది. స్మార్ట్ అన్న పేరుకు తగిన పని ఏదైనా ఉందంటే నా దృష్టిలో ఇదే. అయినా ఒకటి మరవొద్దు. టోల్ తప్పించుకునే లారీ ఎటు పోతుంది? పల్లె రోడ్డు ఎక్కుతుంది. బండ గనుల చుట్టూ ఉన్న పల్లెల రోడ్లు ఎద్దులబండికి, ఆటోకు, రోజుకో బస్సుకు వేసినవి. హైవే మీద సెన్సారు పెట్టి పక్క రోడ్డును చూడకపోతే జబ్బును ఊరిలోకి తోలినట్టే.

మూడోది నీళ్లు. నిజానికి మొదట చెప్పాల్సింది ఇదే. అనంతపురంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది గాబట్టి ఇక్కడ నీళ్లతో ఏం ప్రమాదమని బయటివాళ్లు అనుకుంటారు. వంక (వాగు) ఏళ్ల తరబడి ఎండి ఉంటుంది, ఒక రాత్రి వచ్చి కల్వర్టును పెరికి పోతుంది. 2009 అక్టోబరులో కర్నూలు మునిగింది. 2021 నవంబరులో చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. అదే వరదల్లో కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలి కడప నుంచి మీ తాడిపత్రికి వచ్చే హైవేనే తెగిపోయింది. నువ్వప్పుడు ఇంటర్ వయసులోనో ఇంకా ముందో ఉంటావు, మీ నాన్న ఎన్ని ఊళ్లు చుట్టి తిరిగాడో గుర్తుండే ఉంటుంది.

చిన్న వంతెనకు నీటి లెక్క కట్టడానికి మేము వాడిన రైవ్స్ సూత్రం బ్రిటిష్ కాలంలో మద్రాసు ప్రాంతం కోసం కట్టింది. పరీవాహక ప్రాంతం విస్తీర్ణానికి రెండు బై మూడో ఘాతం తీసి, ఒక గుణకంతో హెచ్చిస్తే వరద వస్తుంది. ఆ గుణకం సముద్రానికి ఎంత దూరమని అడుగుతుంది. పైన ఎన్ని చెరువులున్నాయి, అందులో ఎన్నిటికి కట్ట బలహీనంగా ఉంది, ఎన్ని కుంటలు పూడ్చి ప్లాట్లు వేశారు అని అడగదు. ఇక్కడ కొత్త పనిముట్లు నిజంగా పనికొస్తాయి. ఇస్రో వాళ్ల భువన్ పోర్టల్‌లో కార్టోడెమ్ అని భూమి ఎత్తుపల్లాల పటం ఉచితంగా దొరుకుతుంది. దాన్ని క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో వేసుకుంటే ఏ వంకకు నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో గీసి చూపిస్తుంది. పాతికేళ్ల క్రితం టోపోషీట్ మీద ట్రేసింగ్ కాగితం పరిచి, గళ్లు లెక్కపెట్టి చేసిన పని అది. కానీ ఆ పటంలో ఒక్కో గడి 30 మీటర్లు. చేను గట్టు, చిన్న కుంట, జేసీబీతో ఎవరో నిరుడు మళ్లించిన కాలువ అందులో కనపడవు. అవి కనపడాలంటే చెప్పులేసుకుని వంక వెంబడి నడవాలి, చేలో ఉన్న పెద్దాయన్ని ‘నీళ్లు ఎంతదాకా వచ్చినాయి’ అని అడగాలి. ఆయన చింతచెట్టు మొదలు మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు. ఆ చెయ్యి ఎత్తు కొలిచి రాసుకున్న ఇంజనీరు కట్టిన కల్వర్టు నిలబడుతుంది.

కెమెరాల గురించి కూడా అడిగావు గాబట్టి చెప్తాను, ఇది చెప్పడం కష్టమే. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో ఏం జరిగిందో నీకు తెలుసు. అంతకుముందే ప్రమాదం జరిగి రోడ్డు మీద పడి ఉన్న బైకును హైదరాబాదు నుంచి బెంగళూరు పోతున్న బస్సు ఈడ్చుకుపోయింది. మంటలు లేచి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. రోడ్డు మీద ఆగిపోయిన బండి, పడిపోయిన వస్తువు, రాంగ్ రూట్లో వచ్చే వాహనం, వీటిని వీడియోలో తనంతట తానే పట్టే వ్యవస్థలు ఇప్పుడు కొత్త హైవేల మీద పెడుతున్నారు. ఆ బైకును కెమెరా పట్టి ఉండేదా? పట్టే ఉండేదనుకుందాం. తర్వాత? కంట్రోల్ రూములో ఉన్న మనిషి ఎన్ని నిమిషాల్లో చూస్తాడు, పెట్రోలింగ్ బండి ఎంత దూరంలో ఉంది, వెనక వచ్చే డ్రైవర్లకు ముందే చెప్పే ఎలక్ట్రానిక్ బోర్డు ఎన్ని కిలోమీటర్ల ముందు ఉంది, బోర్డు మీద తెలుగు, హిందీ, కన్నడ డ్రైవర్లందరికీ అర్థమయ్యేదేముంది. ఇవన్నీ రోడ్డు ఇంజనీరు తేల్చాల్సినవి, కెమెరా అమ్మినవాడు తేల్చేవి కావు. ఆ వ్యవధి లెక్కకట్టకుండా పెట్టిన కెమెరా జరిగినదాన్ని రికార్డు చెయ్యడానికి పనికొస్తుంది, అంతే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. ఈ పనికి తెలివైనవాళ్లు చాలినంతమంది ఉన్నారని నేననుకోను.

పైగా మన రోడ్లు మన రోడ్లే. సర్వీసు రోడ్డు మీద వేరుశనగ, కందులు ఆరబోసి చుట్టూ గుండ్రాళ్లు పేరుస్తారు. సాయంత్రం పంట ఎత్తుకుపోతారు, రాళ్లు అక్కడే ఉంటాయి. గొర్రెల మంద డివైడరు ఎక్కి దాటుతుంది. యూటర్న్ నాలుగు కిలోమీటర్ల అవతల పెట్టామని ఊరివాళ్లు డివైడరు పగలగొట్టి సొంత దారి చేసుకుంటారు. వేరే దేశపు వీడియోలు చూసి నేర్చుకున్న ప్రోగ్రాముకు ఆ గుండ్రాళ్లు ఎవరు చూపించారు? ఎవరో ఒకరు కూర్చుని మన రోడ్ల ఫొటోల మీద గుర్తులు పెట్టి నేర్పాలి. డివైడరు పగలగొట్టిన చోటును ‘నేరం’ అని గుర్తుపెట్టాలా, ‘ఇక్కడ అండర్‌పాస్ కావాలి’ అని గుర్తుపెట్టాలా అన్నది ఆ ఊరు తెలిసినవాళ్లే చెప్పగలరు. నేనైతే రెండోదే అంటాను.

మిగతా వింతల గురించి ఎక్కువ చెప్పను. నెదర్లాండ్స్‌లో ఎ58 అనే రహదారి మీద 2010లో తారులో ఇనుప నూలు కలిపి, పగిలినప్పుడు యంత్రంతో వేడిచేసి అతికించే పొర వేశారు. చదవడానికి బాగుంటుంది. మన కర్నూలు ఎండకు తారు తనంతట తానే కాస్త కరిగి అతుక్కుంటుంది, మన బాధ గాడి పడటం. ఎత్తు ఎక్కుతూ నత్తనడక నడిచే లోడు లారీల కింద ఎలా పడుతుందో గుత్తి వైపు పోతే చూడొచ్చు. దానికి వీజీ-40 లాంటి గట్టి తారు, మంచి కంకర గ్రేడింగు చాలు. చెత్త ప్లాస్టిక్ కలిపి వేసే రోడ్ల సంగతి మీ పుస్తకాల్లో ఉంటుంది, మదురై ప్రొఫెసర్ రాజగోపాలన్ వాసుదేవన్ గారికి అందుకే 2018లో పద్మశ్రీ ఇచ్చారు. బండి నడుస్తుండగానే దానికి ఛార్జింగ్ పెట్టే రోడ్లు మనదాకా వచ్చేసరికి నీకు పిల్లలు పెళ్లీడుకు వస్తారు, వాటిని నమ్మి చదువు ఎంచుకోవద్దు.

ఇక ఉద్యోగం. దాచి చెప్పను, మొదటి జీతం మీ మామ కంపెనీలో ఇచ్చేదానికంటే తక్కువే ఉంటుంది. క్యాంపు బతుకు అందరికీ పడదు. ఆడపిల్లలు సైటులో తక్కువ, బాత్రూము దగ్గరనుంచి అన్నీ అడిగి పెట్టించుకోవాలి. మీ నాన్న వద్దంటున్నది చదువు తెలియక కాదు, అర్ధరాత్రి హైవే పక్కన ఏం జరుగుతుందో ఆయన ప్రతి వారం చూస్తున్నాడు గాబట్టి. ఆయనతో వాదన పెట్టుకోకు. హైవే పనంటే తారు పరిచే పేవర్ వెనక నడవడం ఒక్కటే కాదని చూపించు. క్వాలిటీ కంట్రోల్ ల్యాబు ఉంది, డిజైన్ ఆఫీసు ఉంది, కన్సల్టెన్సీలో సర్కారు తరఫున పని తనిఖీ చేసే అథారిటీ ఇంజనీరు బృందం ఉంది, ఇప్పుడు సర్వే లెక్కలు చదివే బల్లలు కూడా ఉన్నాయి. ఒక మాట మాత్రం నా తరఫున ఆయనకు చెప్పు: మొదటి రెండు మూడేళ్లు సైటు చూడకుండా డిజైన్‌లో కూర్చున్నవాళ్ల గీతలు సైటులో నవ్వులపాలవుతాయి. శ్రీ సత్యసాయి, కడప జిల్లాల మీదుగా పోయే బెంగళూరు–విజయవాడ 544జి కొత్త హైవే మీద ఎండాకాలం ఇంటర్న్‌షిప్ దొరుకుతుందేమో మీ హెచ్‌ఓడీ చేత లెటర్ రాయించు. ఒకరోజు మీ నాన్నను ల్యాబు దాకా తీసుకెళ్లు.

గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) రాయి, ఈ విషయంలో రెండో మాట లేదు. వరంగల్ ఎన్‌ఐటీ, మద్రాసు, ఖరగ్‌పూర్, రూర్కీ ఐఐటీల్లో ట్రాన్స్‌పోర్టేషన్ ఎంటెక్ ఉంది. జాతీయ రహదారుల సంస్థ డిప్యూటీ మేనేజర్ పోస్టులకు గేట్ స్కోరు చూసి తీసుకున్న నోటిఫికేషన్లు ఈమధ్య వరసగా వచ్చాయి. రాష్ట్ర సర్కారు ఇంజనీరు ఉద్యోగాల ఏపీపీఎస్సీ ఏఈఈ పరీక్ష ఎప్పుడు పడుతుందో దేవుడికే ఎరుక, అందులో ఇంజనీరింగ్ పేపర్లకు గేట్ చదువే చాలావరకు పనికొస్తుంది, జనరల్ స్టడీస్ మాత్రం వేరేగా చదవాలి. పైథాన్ నేర్చుకో, మీ మామనే అడుగు, ఆదివారాలు ఫోన్లో చెప్పించుకో. ఆయనకూ కాస్త పని దొరుకుతుంది.

ఫైనలియర్ ప్రాజెక్టుకు ఇంటర్నెట్‌లో దొరికే ‘స్మార్ట్ ట్రాఫిక్ లైట్’ బొమ్మ చెయ్యకు, ప్రతి కాలేజీలో ప్రతి ఏడూ అదే చేస్తున్నారు. తాడిపత్రి, అనంతపురం మధ్య నీకు తెలిసిన ఐదు కిలోమీటర్లు తీసుకో. పగుళ్లు నడిచి ఫొటో తియ్యి, పొడుగు పగులా మొసలి పగులా అని విడదియ్యి. అంచు మట్టి నాలుగుచోట్ల తెచ్చి ఉబ్బు పరీక్ష చెయ్యి, నాలుగు రోజులు నానబెట్టి సీబీఆర్ (మట్టి ఎంత బరువు మోస్తుందో చెప్పే పరీక్ష) చూడు. ఒక కల్వర్టు పట్టుకుని దాని వంకకు భువన్ పటంతో ఒకసారి, రైవ్స్‌తో ఒకసారి వరద లెక్క కట్టి, తూము వెడల్పు చాలుతుందా చూడు. మీ నాన్న స్నేహితుల దగ్గర పాత కాటా చీటీలు అడిగి తీసుకో, బండి నంబర్లు కొట్టేసి యాక్సిల్ బరువులు అంచనా కట్టు. వీటన్నిటినీ ఒకే మ్యాపు మీద పరిచి, ఎక్కడ ముందు పాడవుతుందో, ఎందుకో నాలుగు పేజీలు రాయి. ఇంటర్వ్యూలో ఈ నాలుగు పేజీలు బల్ల మీద పెడితే ఆ 75 వేల సర్టిఫికెట్టు గురించి ఎవరూ అడగరు.

లారీలు లెక్కపెట్టేటప్పుడు, మట్టి తీసేటప్పుడు ఒంటరిగా వెళ్లకు. మెరిసే జాకెట్టు వేసుకో, తారు అంచు మీద నిలబడకు, వచ్చే బండ్లకు వీపు పెట్టకు. బెర్మ్ తవ్వడానికి ఆ రోడ్డు చూసే ఆఫీసు నుంచి అనుమతి కాగితం ముందే తీసుకుని జేబులో పెట్టుకో, తవ్విన గుంత పూడ్చి దిమ్మిస కొట్టాకే అక్కడినుంచి కదులు.